యవనదేశ యాత్రకు ముహూర్తం

హోసూరులో ఉండేవాడికి గ్రీసుతో ఏం పని అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. కాశీ చూశాం, బదరి చూశాం. ఉద్యోగ విరమణనాడు చేతికొచ్చిన సొమ్ములో కొంత పక్కన పెట్టి, ఇది మనిద్దరం ఒక్కసారి సముద్రం దాటడానికి అని మా ఆవిడతో చెప్పి పెట్టుకున్నాను. ఆ సొమ్ము రెండోసారి రాదు. ఆమె మోకాళ్ళూ ఇంకో అయిదేళ్ళకు ఇలాగే ఉంటాయని చెప్పలేం. అందుచేత ఏం చూడాలి, ఎక్కడ దిగాలి అనే ప్రశ్నలకంటే ముందు, ఏ నెలలో వెళ్ళాలి అనేది తేల్చుకోవలసి వచ్చింది. దానికే ఏడాది పట్టింది.

గ్రీసే ఎందుకు అంటే నా దగ్గర ఒక సమాధానం ఉంది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో అశోకుని శాసనాలున్న బండలు చూడడానికి వయసులో ఉన్నప్పుడు వెళ్ళాను. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడి బండలమీద ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం తరువాత అశోకుడు పడిన పశ్చాత్తాపం. ఆ శాసనంలోనే దూరదేశపు యవన రాజులు అయిదుగురి పేర్లు వస్తాయి. అందులో ‘అంతికిని’ అనే ఆయన మాసిడోనియాను ఏలిన ఆంటిగోనస్ అని పండితులు తేల్చారు. ఎక్కడి మాసిడోనియా, ఎక్కడి పత్తికొండ తాలూకా! ఆ పేరు నా చెవిలో అప్పటినుంచీ ఉండిపోయింది.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. వాడికి ఈ సంగతి చెవిన పడగానే ఒక యాత్రా సంస్థవారి రంగురంగుల కాగితం తెచ్చి ఇచ్చాడు. ఎనిమిది రోజులు, ఏథెన్సు ఒక రోజు, తరువాత రెండు ద్వీపాలు, ప్రతి పూటా భారతీయ భోజనం. తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు, సూర్యాస్తమయం.

“నాన్నా, మీరేం ఆలోచించక్కర్లేదు. అన్నీ వాళ్ళే చూసుకుంటారు” అన్నాడు.

“అంతదూరం పోయి పన్నీరు బటర్ మసాలా తినే దానికి ఇంత డబ్బెందుకురా?” అంది వాళ్ళమ్మ.

ఆమె అలా అన్నదంటే ధైర్యం కొద్దీ అన్నది కాదు. ఆమె అసలు బెంగ భోజనమే. మా యింట్లో శాకాహారం. గ్రీసు అంటే గొర్రెమాంసమూ చేపలూ అని ఎవరో చెప్పారు. పన్నెండు రోజులు రొట్టే జామూ తిని బతకాలా అని ఆమె దిగులు. నేను ఏథెన్సు శిథిలాల గురించి చదువుతుంటే ఆమె ప్రతిసారీ అడిగేది ఒకటే: “అక్కడ ఏం దొరుకుతుందో చూశారా?”

చూశాను. చూడగా చూడగా నాకు తెలిసినదేమంటే, గ్రీకులంత ఉపవాసాలు పెట్టుకున్న జనం యూరపులో తక్కువ. వాళ్ళ ఆర్థొడాక్స్ మతంలో ఈస్టరుకు ముందు నలభై ఎనిమిది రోజులు, ఆగస్టు మొదటి పద్నాలుగు రోజులు, క్రిస్మసుకు ముందు నలభై రోజులు, అది కాక దాదాపు ఏడాది పొడుగునా బుధ శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు మానాలని నియమం. పాటించేవాళ్ళు పాటిస్తారు, లేనివాళ్ళు లేదు, మన ఏకాదశిలాగే. కాని ఆ నియమంవల్ల శతాబ్దాలుగా ఒక వంట తయారైంది. కూరగాయలను ఆలివునూనెలో మగ్గబెట్టే వంటలన్నిటినీ కలిపి ‘లదెరా’ అంటారు, అంటే నూనెవి అని. పచ్చి చిక్కుళ్ళు టమాటాతో, పెద్ద తెల్ల చిక్కుడుగింజలు కుంపట్లో వేయించినట్టు, శనగలు నిమ్మరసంతో. చిక్కుడుగింజల పులుసు ‘ఫసొలాదా’ను వాళ్ళు దేశమంతటికీ చెందిన వంటగా చెప్పుకుంటారు. ద్వీపాల్లో ‘ఫావా’ అని పసుప్పచ్చటి బద్దల ముద్దపప్పు చేసి, పైన పచ్చి ఉల్లిపాయా నూనే వేసి ఇస్తారు. అది విన్నాక మా ఆవిడ ముఖం కొంచెం విప్పారింది.

ఆకుకూరల సంగతి చెప్పినప్పుడు ఇంకా విప్పారింది. ‘హోర్తా’ అని గట్లమీదా కొండలమీదా దొరికే ఆకులు ఉడకబెట్టి, నిమ్మకాయ పిండి తింటారు. ఎండాకాలంలో తినే ‘వ్లీతా’ మరేమో కాదు, తోటకూర. ‘గ్లిస్త్రీదా’ అంటే మన గంగపాయలాకు; దాన్ని పచ్చిదే తింటారట. ఇక్కడ మన పొలాల్లో కలుపని పీకి పారేస్తున్నది అక్కడ హోటల్లో డబ్బు పెట్టి కొనాలి అని ఆమె నవ్వింది.

మాంసం లేని వంటలకు వాళ్ళు పెట్టిన పేర్లు నాకు బాగా నచ్చాయి. టమాటాలలో, బుంగమిరపల్లో అన్నం కూరి చేసేదాంట్లో మాంసం వెయ్యకపోతే ‘ఒర్ఫనా’ అంటారు, అంటే అనాథలు అని. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి చేసే డోల్మాలలో మాంసం లేకపోతే అవి ‘యాలంజి’, అబద్ధాలకోరు డోల్మాలు. ఈ రెండో మాట తుర్కీది. అనాథలూ అబద్ధాలకోరులూ మన విస్తట్లోకి వస్తే చాలు, మనకు ఇంకేం కావాలి?

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడినుంచి వెళ్ళే శాకాహారులెవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఉపవాస భోజనాన్ని ‘నిస్తీసిమో’ అంటారు. ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే చాలావరకు పని జరుగుతుంది గాని, పూర్తిగా జరగదు. రక్తం లేనివని చెప్పి ఆక్టోపసు, రొయ్య, నత్తగుల్ల ఉపవాసంలో తినవచ్చునని వాళ్ళ లెక్క. గులాబిరంగులో చూడముచ్చటగా ఉండే ‘తరమొసలాతా’ అనే పచ్చడి చేపగుడ్లతో చేస్తారు, అదీ ఉపవాసపు వంటే. అంచేత నిస్తీసిమో అన్నాక, సముద్రంలోది వద్దు అని రెండో మాటా అనాలి. ఊళ్ళల్లో ‘మాగిరియో’ అనే చిన్న భోజనశాలలుంటాయి. వండినవన్నీ పళ్ళాల్లో ఎదుట పెట్టి ఉంటాయి, వేలు చూపించి తీసుకోవచ్చు. ఆ వేలు చూపించే పద్ధతి మాలాంటివాళ్ళకు ఏ భాషకంటేనూ మేలు.

ఇక ముహూర్తం. మొదట ఈస్టరు అనుకున్నాను. వాళ్ళ ఈస్టరు రోము వాళ్ళ ఈస్టరుతో చాలా ఏళ్ళు కలవదు. 2027లో మే 2న వస్తుంది. శుక్రవారం రాత్రి పూలతో అలంకరించిన క్రీస్తు పాడెను ఊరేగిస్తారు. శనివారం అర్ధరాత్రి గుడిదీపాలన్నీ ఆర్పేసి, ఒక్క దీపంనుంచి జనమంతా కొవ్వొత్తులు ముట్టించుకుంటూ వీధుల్లోకి వస్తారు. ఎర్రగుడ్లు ఒకదానితో ఒకటి కొట్టి ఎవరిది పగలలేదో చూసుకుంటారు. కోర్ఫు ద్వీపంలో శనివారం పొద్దున మేడలమీదినుంచి పెద్ద పెద్ద కుండలు వీధిలోకి విసిరి పగలగొడతారు. మన భోగినాడు పాతవి మంటలో వేసినట్టు కాబోలు. చూడవలసినదే. కాని ఆ వారం ప్రతి గ్రీకువాడూ సొంతూరికి పోతాడు. బస్సుల్లో చోటుండదు, నగరాల్లో చాలా దుకాణాలు మూసివేస్తారు, గదుల ధరలు పైకి పోతాయి. పైగా ఆదివారం ఊరూరా గొర్రెను ఇనపచువ్వకు గుచ్చి కాలుస్తారు. మా ఆవిడ ఆ పొగలోంచి నడిచే దృశ్యం నేను ఊహించుకోలేకపోయాను.

ఆగస్టు 15 మరియమ్మ పండుగ. తీనొస్ ద్వీపంలో ఓడరేవునుంచి కొండమీది గుడిదాకా మొక్కుకున్నవాళ్ళు మోకాళ్ళమీద పాకుతూ పోతారు. మన పొర్లుదండాలను అనాగరికమనే దొరలు దాన్ని చూడడానికి టికెట్టు కొనుక్కుని పోతారు, అది వేరే మాట. కాని ఆగస్టు ఎండ అక్కడ ఇప్పుడు మామూలుగా లేదు. 2023 జులైలోనూ, ఆ తరువాతి వేసవుల్లోనూ వేడికి తట్టుకోలేక ఆక్రోపొలిస్‌ను మధ్యాహ్నం వేళల్లో మూసేశారు. ఎపిదావ్రొస్‌లోని పాత నాటకశాలలో ఎండాకాలపు వారాంతాల్లో సోఫొక్లీసు, యూరిపిడీసు నాటకాలు ఆడతారు, 1955 నుంచి ఆ ఉత్సవం జరుగుతోంది. పద్నాలుగువేలమంది పట్టే రాతి అరుగులమీద కూర్చుని నాటకం చూడాలని నా కోరిక. ఆ కోరిక వదులుకున్నాను.

వదులుకున్నది మరో పండుగ కోసం. దాని పేరు అనస్తెనారియా. మే 21న, కాన్‌స్టంటైన్ చక్రవర్తికీ ఆయన తల్లి హెలెనాకూ పండుగ. ఉత్తర గ్రీసులో సెర్రెస్ దగ్గర ఆయియా ఎలెని అనే పల్లెలోనూ, తెస్సలొనీకి పక్కన లంగాదాస్‌లోనూ, ఇంకొన్ని ఊళ్ళలోనూ ఆ సాయంత్రం కట్టెలు కాల్చి నిప్పులు పరిచి, ఆ ఇద్దరి పటాలు చేతుల్లో పట్టుకుని, డప్పూ తంత్రివాద్యమూ మోగుతుండగా, వట్టికాళ్ళతో నిప్పులమీద ఆడతారు. ఈ మాట చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మా వూరి ధర్మరాజుల గుడిలో అగ్నిగుండం తొక్కడం నేను బుద్ధి తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను. మా తాత తొక్కాడు.

కాని నన్ను పట్టుకున్నది నిప్పులు కాదు. ఆ తొక్కేవాళ్ళు ఆ ఊళ్ళవాళ్ళు కారు. వాళ్ళ పెద్దలు కోస్తి అనే ఊరివాళ్ళు. ఆ ఊరు ఇప్పుడు బల్గేరియాలో ఉంది. బాల్కన్ యుద్ధాల తరువాతి గందరగోళంలో ఇల్లూ పొలమూ వదిలి, పటాలు మాత్రం గుడ్డలో చుట్టుకుని ఇటు వచ్చారు. ఒకప్పుడు కోస్తిలో గుడి అంటుకుంటే లోపలి పటాలు మూలిగాయనీ, అవి విని మంటల్లోకి దూకినవాళ్ళకు కాలు కూడా కందలేదనీ వాళ్ళ కథ. వచ్చిన చోట చర్చివాళ్ళు ఇది పాతకాలపు అన్యమతాచారమని ఒప్పుకోలేదు. చాలాకాలం తలుపులు వేసుకుని చాటుగా చేసుకున్నారు. ఇవాళ బాహాటంగా చేస్తున్నా, చర్చి ఇంకా ఒప్పుకోనేలేదు.

వదిలి వచ్చిన ఊరిని పండుగలో దాచుకున్న జనం ఎక్కడున్నా మనకు చుట్టాలే కదా. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

అక్కడినుంచి నా చదువు పక్కదారి పట్టింది. 1922 సెప్టెంబరులో స్మిర్నా నగరం తగలబడింది. 1923 జనవరి 30న లొసాన్‌లో గ్రీసు, తుర్కీ ఒక ఒప్పందం రాసుకున్నాయి, మీ దగ్గరున్న మావాళ్ళను మాకివ్వండి, మా దగ్గరున్న మీవాళ్ళను తీసుకోండి అని. సుమారు పన్నెండు లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకు చేరారు. అందులో చాలామంది ఒప్పందానికి ముందే పారిపోయి వచ్చినవాళ్ళు. నాలుగు లక్షల దాకా ముస్లిములు తుర్కీకి పోయారు. ఎవరు మావాళ్ళు అన్నది భాషను బట్టి చూడలేదు, మతాన్ని బట్టి చూశారు. క్రీటు ద్వీపంలో గ్రీకు తప్ప మరో భాష రాని ముస్లిములు తుర్కీకి పోవలసి వచ్చింది. కప్పదోకియా ప్రాంతంలో తుర్కీ తప్ప మరో భాష రాని క్రైస్తవులు గ్రీసుకు రావలసి వచ్చింది. ఈ రెండోవాళ్ళను కరమన్లీలు అంటారు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తుర్కీ, రాసేది మాత్రం గ్రీకు అక్షరాలతో. ప్రార్థన పుస్తకాలూ, సమాధిరాళ్ళమీది రాతలూ అన్నీ అలాగే. గ్రీసుకు వచ్చాక అక్కడివాళ్ళు కొందరు శరణార్థులను తుర్కువిత్తనాలని ఎగతాళి చేశారు.

ఇది నేను చదివి వినిపించినప్పుడు మా ఆవిడ వంటింట్లో ఉంది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“అయితే వాళ్ళూ నాలాగే రాశారన్న మాట.”

ఆమెది కోవిల్‌పట్టి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, తిడుతుంది. చదవలేదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మకు రాసిన ఉత్తరాలన్నీ తెలుగు మాటలే, తమిళ అక్షరాలు. నేను నేర్పుతానని రెండుసార్లు పలక తెచ్చాను. ఎందుకండీ, ఇది చాలదా అంది. ఈ పత్రిక నెలనెలా వచ్చినప్పుడు నేను చదువుతాను, ఆమె వింటుంది. ఇదీ ఆమెకు అలాగే చేరుతుంది. మా పక్కింటి తెలుగు మేష్టారు ఒకాయన, అది తెలుగెలా అవుతుందమ్మా అని ఆమె ముందే అన్నాడొకసారి. ఆమె ఆరోజు ఏమీ అనలేదు. కరమన్లీల సంగతి విన్నాక, “ఆ అయ్యవారికి ఇది చెప్పండి” అంది.

యాత్రమీద ఆమెకు ఇష్టం పుట్టింది ఆరోజే. వంటకాల పేర్లన్నీ తన నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది, తన లిపిలోనే. తమిళంలో ప, బ, ఫలకు ఒకే అక్షరం గనుక ఫావా ఆమె పుస్తకంలో ‘బావా’ అని కూడా చదువుకోవచ్చు. హోటల్లో కూర్చుని ఒక పళ్ళెం బావా ఇవ్వమని అడుగుతుందేమోనని మా అబ్బాయి ఆటపట్టించాడు.

దాంతో పథకం తిరగబడింది. ద్వీపాలు పోయాయి. ఏథెన్సుకు నాలుగు రాత్రులు. ఆక్రోపొలిస్ పొద్దున్నే, తలుపు తీసే వేళకు. 2023 సెప్టెంబరునుంచి రోజుకు ఇరవై వేలమందికి మించి పోనివ్వడం లేదు, గంటగంటకూ ఇంతమందని లెక్క ఉంది, ముందే టికెట్టు కొనుక్కోవాలి. 2025 ఏప్రిల్లో టికెట్టు ఇరవై యూరోలనుంచి ముప్ఫయి చేశారు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె గతుక్కుమంటుంది గాని, పార్థెనాను ముందు నిలబడకుండా ఏథెన్సునుంచి వచ్చేది లేదు. క్రీస్తుకు పూర్వం 447లో కట్టడం మొదలుపెట్టిన గుడి అది. తరువాత చర్చి అయింది, ఆపైన మసీదు. 1687లో తుర్కులు అందులో తుపాకిమందు దాస్తే, వెనీసువాళ్ళు గుండు పేల్చి పైకప్పు లేపేశారు. కాలం చేసిన శిథిలమని అనుకుంటాం, నిజానికి ఎక్కువభాగం ఒక్కరోజు పని. నడవలేనివాళ్ళకు 2020 చివర్నుంచి కొండ ఎక్కడానికి లిఫ్టు పెట్టారు. మా ఆవిడ ఇది విని కోపగించుకుంది. తిరుమల నడిచి ఎక్కినదాన్ని అంది. ఎప్పుడు అని నేను అడగలేదు.

ఎపిదావ్రొస్‌కు ఒక పూట పోతాం, నాటకం లేకపోయినా. అక్కడ వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి ఉండేది. రోగులు గుడి ఆవరణలో రాత్రి పడుకుంటే కలలో దేవుడు వచ్చి మందు చెప్పేవాడట. గుడిలో నిద్ర చేయడం మనకు కొత్తా? డెల్ఫీ మాత్రం వదిలేశాను. కొండవాలు మరీ నిలువు. ఇది నాకు కష్టంగానే ఉంది, ఇప్పటికీ పటం చూస్తే వేలు అటే పోతుంది.

మిగిలిన రోజులన్నీ తెస్సలొనీకిలో. ఎఱ్ఱగుడి బండలో పేరున్న ఆ రాజు ఏలిన మాసిడోనియా ఇదే. ఊరు కట్టింది ఆయనకు ముందు, క్రీ.పూ. 315లో, అలెగ్జాండరు సవతి చెల్లెలి పేరు దానికి పెట్టారు. 2024 నవంబరు 30న అక్కడ భూగర్భ రైలు మొదలైంది. తవ్వినచోటల్లా పాత ఊరు బయటపడడంతో ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. ఇప్పుడు వెనిజెలో స్టేషనులో దిగితే రైలు పక్కనే పాత రాజవీధి కనిపిస్తుందట. టికెట్టు డబ్బుకే పురావస్తుశాల. అక్కడికి పడమరగా వెర్యినాలో 1977లో మనోలిస్ అంద్రొనికొస్ తవ్వి తీసిన రాజసమాధులు ఉన్నాయి. అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పుది ఒకటని ఆయన అన్నాడు. వాటికి ఒక రోజు.

అదే ఊళ్ళో యూదుల మ్యూజియంకు ఒక పూట పెట్టుకున్నాను. 1492లో స్పెయిను తరిమేస్తే వచ్చిన యూదులు ఈ రేవులో స్థిరపడ్డారు. వచ్చిన దేశాన్ని మరచిపోలేదు సరే, తరిమిన దేశపు భాషను కూడా మరవలేదు. నాలుగున్నర శతాబ్దాలు ఇళ్ళల్లో స్పానిషే మాట్లాడారు, దాన్ని లదీనో అంటారు. 1943లో జర్మన్లు నలభై అయిదువేలకు పైగా మనుషుల్ని రైళ్ళలో ఔష్విట్జుకు పంపేశారు. ఆ భాష ఆ ఊరి వీధుల్లో వినబడడం ఆ ఏడాదితో ఆగిపోయింది. మన భాష పోతోందని మనం సభలు పెట్టి బాధపడుతుంటాం. భాష అలా కూడా పోతుంది.

బస సంగతి మా ఆవిడే తేల్చింది. హోటలు వద్దు, పొయ్యి ఉన్న గది కావాలి. వాళ్ళు మధ్యాహ్నం రెండు దాటాక తింటారు, రాత్రి తొమ్మిదికీ పదికీ తింటారు. మాకు ఏడున్నరకు తిని పడుకునే అలవాటు. ఏథెన్సు నడిబొడ్డున మూడు పేటల్లో 2025 జనవరినుంచి ఇలాంటి అద్దెగదులకు కొత్తగా అనుమతులు ఆపేశారు. స్థానికులకు ఇళ్ళు దొరకడం లేదట, న్యాయమే. మేము నేయా స్మిర్నీ అనే పేటలో దిగాలనుకుంటున్నాం. కొత్త స్మిర్నా అని అర్థం. కాలిపోయిన ఊరినుంచి వచ్చినవాళ్ళకోసం వెలసిన పేట, ట్రాములో నగరంలోకి రావచ్చు. గుడి చూడడానికి అరగంట ఎక్కువ పట్టినా నష్టం లేదు.

వీసాకు ఒక్కొక్కరికి తొంభై యూరోలు, ముప్ఫయివేల యూరోలకు తగ్గని వైద్య బీమా, బ్యాంకు పుస్తకం నకళ్ళు. ఆరునెలలకంటే ముందు దరఖాస్తు తీసుకోరు. 2027 మే 21 శుక్రవారం. ఆ సాయంత్రానికి లంగాదాస్‌లో ఉండాలి, తెస్సలొనీకినుంచి బస్సులో పోయి రావచ్చు.

“ఏమండీ, వాళ్ళ పటాలకు మనం దండం పెట్టుకోవచ్చా?” అని అడిగింది నిన్న.

పెట్టుకోవచ్చు, ఎవరు కాదంటారు అన్నాను. దానికి ఆమె ఏమీ అనలేదు. లోపలికి పోయి, కందిపొడికని కందిపప్పు తెచ్చి చాటలో ఎండకు పెట్టింది. ఇప్పటినుంచీ ఎందుకే, చెడిపోదూ అంటే, ఇది చూసుకోవడానికి, ఎంత కారం పడుతుందో, అప్పటిది అప్పుడు చేస్తాను అంది.